అణుధూళి ఎటు పోతుందో, ఎక్కడ దిగుతుందో కాగితం మీద లెక్క వేసుకోవడం

అణు ప్రమాద వార్త ఎక్కడి నుంచి వచ్చినా గంట తిరగకముందే ఫోన్లలో ఒక పటం తిరగడం మొదలవుతుంది. ప్రమాదం జరిగిన చోట ఒక చుక్క, దాని చుట్టూ ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో వలయాలు ఉంటాయి. తమ ఊరు ఏ రంగులో పడిందో చూసుకుని కంగారు పడేవారు కొందరైతే, వలయానికి బయట ఉన్నామని నిశ్చింతగా పడుకునేవారు మరికొందరు. ఇద్దరి లెక్కా తప్పే. గాలిలోకి లేచిన రేడియోధార్మిక పదార్థం, అంటే అణుధూళి, ఏ ప్రమాదంలోనూ వలయాలుగా వ్యాపించలేదు. అది ఎటు పోవాలో గాలి తేలుస్తుంది, ఎక్కడ దిగాలో చాలా మటుకు వాన తేలుస్తుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండే పాఠకులు ఒక జిల్లా పటం, ఒక స్కేలు, వాతావరణ శాఖ అందరికీ అందుబాటులో ఉంచే వివరాలు దగ్గర పెట్టుకుని ఈ సంగతిని సుమారుగా ఎలా లెక్క వేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. అధికారుల సూచనలకు బదులుగా దీనిని వాడుకోకూడదు. అయితే ఇంట్లోనే ఉండమన్నప్పుడు ఎందుకు ఉండమంటున్నారో, పాలు వద్దన్నప్పుడు ఎందుకు వద్దంటున్నారో తెలిసిన మనిషి ఆ సూచనను సగంలో వదిలేయడు.

ముందు ఎత్తు తెలుసుకోవాలి

వార్తలో మొట్టమొదట వెతకవలసిన వివరం, ఆ పదార్థం ఎంత ఎత్తుకు లేచిందన్నది. అణుబాంబు నేల మీద గానీ నేలకు బాగా దగ్గరగా గానీ పేలితే, అగ్నిగోళం తాకిన మట్టీ రాయీ కరిగి, ఆవిరై పైకి లేచిపోతాయి. అవి చల్లబడేటప్పుడు అణువిచ్ఛిత్తిలో పుట్టిన పదార్థాలు ఆ రేణువులకు అంటుకుంటాయి. 1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల్లో అమెరికా పేల్చిన 15 మెగాటన్నుల బాంబు పగడపు దిబ్బను ఇలాగే పొడి చేసి 30 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు లేపింది. అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా తూర్పున వేటలో ఉన్న ఒక జపాను చేపల పడవ మీద కొన్ని గంటల తర్వాత తెల్లటి బూడిద రాలింది. పడవలోని 23 మందీ రేడియేషన్ వల్ల జబ్బుపడ్డారు, వారిలో ఒకరు ఆ సెప్టెంబరులో చనిపోయారు. అగ్నిగోళం నేలను తాకనంత ఎత్తులో బాంబు పేలితే ఇంత మట్టి లేవదు కాబట్టి దగ్గర్లో రాలేది తక్కువగానూ, సన్నని రేణువులుగా దూరం పోయేది ఎక్కువగానూ ఉంటుంది.

రియాక్టరు ప్రమాదంలో పదార్థం అంత ఎత్తుకు పోదు, కానీ రోజుల తరబడి వెలువడుతూ ఉండవచ్చు. చెర్నోబిల్‌లో 1986 ఏప్రిల్ 26న పేలుడు జరిగాక రియాక్టరు సుమారు పది రోజుల పాటు పొగను వదిలింది. ఆ పది రోజుల్లో గాలి దిక్కు మారిన ప్రతిసారీ ఒక కొత్త దేశం దాని దారిలోకి వచ్చింది. ఏప్రిల్ 28 ఉదయం, సుమారు 1,100 కిలోమీటర్ల దూరంలో, స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లకు అంటిన ధూళి వల్ల అలారం మోగింది. అక్కడివారు మొదట తమ కేంద్రంలోనే ఏదో లీకై ఉంటుందనుకున్నారు. సోవియట్ ప్రభుత్వం నోరు విప్పింది ఆ తర్వాతే.

కాబట్టి కాగితం మీద మొదట రాసుకోవలసినవి రెండు: ఎంత ఎత్తు, ఎంతసేపు. బాంబు అయితే ఎత్తు ఎక్కువ, సమయం క్షణాలు. రియాక్టరు అయితే ఎత్తు ఒకటి రెండు కిలోమీటర్లు, సమయం రోజులు. రెండో రకానికి ఒక్కసారి దారి గీసి ఊరుకుంటే చాలదు, గాలి మారినప్పుడల్లా మళ్ళీ గీయాలి.

రేణువు ఎంత సన్నమో దాన్ని బట్టి ప్రయాణం

కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గింజ చేట కిందే పడుతుంది, తాలు కొంత దూరాన పడుతుంది, దుమ్ము పక్క పొలం దాటిపోతుంది. అణుధూళిని కూడా గాలి ఇలాగే వేరు చేస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు, అంటే 100 మైక్రాన్ల రేణువు సెకనుకు సుమారు అర మీటరు చొప్పున దిగుతుంది; 10 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఐదారు గంటల్లో నేలకు చేరుతుంది. 10 మైక్రాన్ల రేణువు అదే ఎత్తు నుంచి సొంత బరువుతో దిగాలంటే రెండు వారాలు పడుతుంది. ఒక మైక్రాను రేణువుకు ఏళ్ళు పడుతుంది, అంటే ఆచరణలో బరువు దానిని కిందికి దించదని అర్థం. రియాక్టరు నుంచి దూరప్రాంతాలకు చేరే సీజియం (అణువిచ్ఛిత్తిలో పుట్టే ఒక రేడియోధార్మిక మూలకం) చాలా వరకు ఈ ఒక మైక్రాను పరిమాణంలోని రేణువుల మీదే ఉంటుంది. దూరాన ఉన్నవారు బరువు సంగతి మరచిపోయి గాలినీ వాననూ చూసుకోవాలి. దగ్గర్లో ఉన్నవారికి, అందులోనూ నేల మీద పేలిన బాంబు విషయంలో, ముందు బరువే ముఖ్యం.

ఒక దారిని గీసి చూద్దాం

కేవలం లెక్క కోసం, జూలై నెలలో ఒక రోజు ఉదయగిరి మీద 12 కిలోమీటర్ల ఎత్తు దాకా ధూళి మేఘం నిలిచి ఉందనుకుందాం. గంటకు రెండు కిలోమీటర్ల చొప్పున దిగే రేణువును తీసుకుందాం. అది ఇందాక చెప్పిన 100 మైక్రాన్ల రేణువుకు దగ్గరగా ఉంటుంది. ఎత్తును రెండేసి కిలోమీటర్ల పొరలుగా విడగొడితే, రేణువు ఒక్కో పొరలో ఒక్కో గంట ఉంటుంది, ఆ గంటలో ఆ పొరలోని గాలి దానిని ఎంత దూరం మోస్తే అంత దూరం పక్కకు జరుగుతుంది.

నైరుతి రుతుపవనాల కాలంలో మన మీద కింది ఐదారు కిలోమీటర్లలో పడమటి గాలి, అంతకు పైన తూర్పు గాలి వీస్తాయి. పద్నాలుగు పదిహేను కిలోమీటర్ల ఎత్తులో ఆ తూర్పు గాలి మరీ ఉధృతమై దక్షిణ భారతం మీదుగా ఒక ప్రవాహంలా సాగుతుంది. భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన పి. కోటేశ్వరం 1950లలో దీని స్వరూపాన్ని వివరించి ప్రపంచ వాతావరణ శాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. మన లెక్కకు పై నుంచి కిందికి ఈ అంకెలు అనుకుందాం. 10 నుంచి 12 కిలోమీటర్ల మధ్య తూర్పు గాలి గంటకు 50 కిలోమీటర్లు, 8 నుంచి 10 మధ్య తూర్పు గాలి 20, 6 నుంచి 8 మధ్య గాలి లేదు, 4 నుంచి 6 మధ్య పడమటి గాలి 15, 2 నుంచి 4 మధ్య 35, నేల నుంచి 2 దాకా 30.

తూర్పు గాలి అంటే తూర్పు నుంచి వీచేది కాబట్టి రేణువును పడమటికి తోస్తుంది. కొత్తగా లెక్క వేసేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పై నుంచి బయలుదేరిన రేణువు మొదటి రెండు గంటల్లో 70 కిలోమీటర్లు పడమటికి, అంటే కడప జిల్లాలో మైదుకూరు దాటి పోతుంది. మూడో గంట అక్కడే దిగుతూ, తర్వాతి మూడు గంటల్లో 80 కిలోమీటర్లు తూర్పుకు తిరిగి వస్తుంది. ఆరు గంటల తర్వాత చూస్తే ఉదయగిరికి తూర్పున పది కిలోమీటర్ల దూరంలోనే నేలకు దిగుతుంది. ఇదే రేణువు 6 కిలోమీటర్ల ఎత్తు నుంచి బయలుదేరి ఉంటే మూడు గంటల్లో 80 కిలోమీటర్లు తూర్పుకు వచ్చి కావలి దగ్గర పడేది. అన్ని ఎత్తుల నుంచీ ఇలా గీసి, పడే చోట్లను కలిపితే ఉదయగిరి నుంచి వింజమూరు, కలిగిరిల మీదుగా కావలి దాకా ఒక సన్నని పట్టీ వస్తుంది. నిజం ధూళికి అనేక పరిమాణాలు ఉంటాయి కాబట్టి పట్టీ ఇంకా వెడల్పుగా, చివర చెదిరి ఉంటుంది, కానీ ఆకారం మాత్రం వలయానికి ఎక్కడా దగ్గరగా రాదు. ఉదయగిరికి ఉత్తరాన ముప్పై కిలోమీటర్ల ఊరికి ఏమీ తగలకపోవచ్చు.

అదే మేఘంలోని అతి సన్నని ధూళి కిందికి దిగదు. 11 కిలోమీటర్ల ఎత్తులో గంటకు 50 కిలోమీటర్ల తూర్పు గాలిలో పడితే, అది పదకొండు పన్నెండు గంటల్లో కార్వారు ప్రాంతంలో అరేబియా సముద్రం మీదకు చేరుకుంటుంది. అదే రోజు అదే ఊరి నుంచి లేచిన ధూళిలో ఒక భాగం బంగాళాఖాతానికి, ఒక భాగం అరేబియా సముద్రానికి పోవచ్చునన్న మాట. టీవీలో ఒకే ఒక్క బాణం గుర్తు వేసి చూపించే గాలి దిక్కును నేను అంతగా నమ్మకపోవడానికి కారణం ఇదే.

నిజమైన అంకెలు కావాలంటే వాతావరణ బెలూన్ల వివరాలు చూడాలి. ప్రపంచమంతటా ఈ బెలూన్లు వదిలే ప్రధాన వేళలు మన గడియారంలో ఉదయం 5.30, సాయంత్రం 5.30. చెన్నై, మచిలీపట్నం రెండూ అటువంటి కేంద్రాలే. నెల్లూరు, ఒంగోలు ఆ రెండింటి మధ్య ఉన్నాయి కాబట్టి రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టుకుని మధ్యస్థంగా తీసుకోవచ్చు. పట్టికల్లో ఎత్తుకు బదులు వాయుపీడనం ఇస్తారు. 850 హెక్టోపాస్కల్ అంటే సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు, 700 అంటే మూడు, 500 అంటే ఆరుకు కాస్త తక్కువ, 300 అంటే తొమ్మిదిన్నర, 200 అంటే పన్నెండు పైచిలుకు. దిక్కును డిగ్రీల్లో, వేగాన్ని నాట్‌లలో ఇస్తారు. 90 తూర్పు గాలి, 270 పడమటి గాలి, ఒక నాట్ గంటకు 1.85 కిలోమీటర్లు.

నేల దగ్గరి గాలి, మన తీరం సంగతి

రియాక్టరు ప్రమాదానికి కింది రెండు కిలోమీటర్ల గాలే ప్రధానం. మనకు దగ్గరలో ఉన్న అణు విద్యుత్ కేంద్రం తమిళనాడులోని కల్పాక్కం. నెల్లూరు నుంచి గీత గీస్తే రెండు వందల కిలోమీటర్లకు కొంచెం పైన ఉంటుంది, ఒంగోలు మూడు వందలు దాటుతుంది. భారతదేశంలో రియాక్టరు చుట్టూ అత్యవసర ప్రణాళిక కోసం 16 కిలోమీటర్ల వలయం గీస్తారు. బస్సులు ఎక్కడ నిలపాలి, అయోడిన్ మాత్రలు ఎక్కడ సిద్ధంగా ఉంచాలి అన్న ఏర్పాట్లకు ఆ వలయం అవసరం; ధూళి అక్కడ ఆగుతుందని దానికి అర్థం లేదు, ఆ వలయమంతా ధూళి నిండుతుందనీ లేదు. గాలి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో సరిగ్గా దక్షిణం నుంచి వీస్తూ ఉంటేనే అక్కడి గాలి పది పదకొండు గంటల్లో నెల్లూరు చేరుతుంది. మార్చి నుంచి మే వరకు తీరం వెంట దక్షిణపు గాలి తరచుగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడమటి గాలి సముద్రం మీదకు తోసేస్తుంది, ఈశాన్య రుతుపవనాల కాలంలో గాలి తమిళనాడు లోపలికే పోతుంది.

తీరంలో ఉన్నవారు ఒక మోసాన్ని గుర్తుంచుకోవాలి. రాత్రి నేల చల్లబడి గాలి సముద్రం మీదకు వీస్తుంది, మధ్యాహ్నానికి సముద్రపు గాలి లోపలికి తిరుగుతుంది. తెల్లవారుజామున సముద్రం మీదకు పోయిన ధూళిలో కొంత ఆ మధ్యాహ్నమే మైపాడు, కొత్తపట్నం తీరాల మీదుగా వెనక్కు రావచ్చు. సముద్రం మీదకు పోయింది కదా అని తలుపులు తెరవడం తొందరపాటు.

పగటికీ రాత్రికీ ఇంకో తేడా ఉంది. ఎండ కాసే పగలు నేల నుంచి కిలోమీటరు, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి కలగలిసి ధూళి పలచబడుతుంది. నిర్మలమైన చలికాలపు రాత్రి ఆ కలయిక నేల నుంచి వంద రెండు వందల మీటర్లలోనే ఆగిపోతుంది, వంటచెరకు పొగ ఊరి మీద పొరగా నిలిచేది అందుకే. వెలువడిన పదార్థం ఒకటే అయినా రాత్రి పూట మనం పీల్చే గాలిలో దాని సాంద్రత అనేక రెట్లు ఎక్కువగా ఉండవచ్చు.

వాన ఎక్కడ కలిసిందో అక్కడే ఎక్కువ దిగుతుంది

పటం మీద దారి గీశాక దాని మీద వానను గీయాలి. ఇది చేయనివారి లెక్క సగంలో ఆగినట్టే. వాన ధూళిని రెండు విధాలుగా దించుతుంది. మబ్బు లోపల నీటి ఆవిరి సన్నని రేణువుల మీద పేరుకుని చినుకు అవుతుంది కాబట్టి రేణువు చినుకులోనే ఇమిడి దిగుతుంది. మబ్బుకు కింద పడుతున్న చినుకు దారిలోని రేణువులను తగిలి వెంట తీసుకువస్తుంది. వీటిలో మొదటిదే బలమైనది. మోస్తరు వాన రెండు మూడు గంటలు కురిస్తే ఆ గాలిలోని ధూళిలో సగం, అంతకు పైగా నేలకు చేరుతుంది. పొడి గాలిలోనైతే సీజియం రేణువులు గడ్డికీ ఆకులకూ అంటుకుంటూ దిగే వేగం సెకనుకు ఒక మిల్లీమీటరు స్థాయిలోనే ఉంటుంది. ఆవిరి రూపంలోని అయోడిన్ అంతకు పది రెట్లు వేగంగా అంటుకుంటుంది.

చెర్నోబిల్ ధూళి మేఘం స్వీడన్‌లో చాలా ప్రాంతాల మీదుగా పోయింది, కానీ భారీగా దిగింది ఆ రోజుల్లో వాన పడిన యావ్లె పరిసరాల్లో. బ్రిటన్‌లో మే మొదటి వారంలో కొండల మీద కురిసిన వానల వల్ల వేల్స్, కంబ్రియా గొర్రెల అమ్మకాలపై పెట్టిన ఆంక్షలు 2012 దాకా పూర్తిగా తొలగలేదు. ఫుకుషిమాలో 2011 మార్చి 15న గాలి వాయవ్యానికి మళ్ళిన గంటల్లోనే వాన, మంచు కురిశాయి. సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఈటాటే గ్రామం అప్పటికి గీసిన 20 కిలోమీటర్ల ఖాళీ చేయింపు వలయానికి బయట ఉంది. అయినా దానికన్నా దగ్గరగా ఉన్న ఎన్నో ఊళ్ళకంటే అక్కడ ఎక్కువ ధూళి దిగింది, ఊరిని ఆలస్యంగా ఖాళీ చేయించవలసి వచ్చింది.

మన జిల్లాలకు ఇది ప్రత్యేకంగా వర్తిస్తుంది. నెల్లూరులో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది, ఒంగోలు వైపు రెండు రుతుపవనాలూ దాదాపు సమంగా పంచుకుంటాయి. నవంబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు వేస్తే, ఆ గాలిలో ఏముంటే అది మన చెరువుల్లోకీ పొలాల్లోకీ వస్తుంది. అదే ధూళి మే నెల పొడి గాలిలో వస్తే చాలా భాగం మనల్ని దాటిపోతుంది. తూర్పు గాలి వెలిగొండలను ఎక్కేటప్పుడు వాన పెరిగే చోట ధూళి దిగడమూ పెరుగుతుంది. శ్రీహరికోట, మచిలీపట్నం, చెన్నై రాడార్ల చిత్రాలు చూసి, ధూళి ఏ గంటకు ఏ మండలం మీద ఉంటుందని మీరు గీసుకున్నారో ఆ గంటకు అక్కడ వాన ఉంటే ఆ చోటును పెన్సిలుతో నల్లగా దిద్దండి. ప్రమాద ప్రాంతాల పటం నిజంగా ఎలా ఉంటుందో అప్పుడు కనిపిస్తుంది. అతుకులు అతుకులుగా ఉంటుంది, ఒక ఊరు నల్లగా ఉంటే పక్క ఊరు తెల్లగా ఉంటుంది.

నల్లగా దిద్దిన చోట ఉన్నవారు, వాన వెలిసినా సరే, అధికారులు ఫరవాలేదని చెప్పేదాకా మిద్దె ఎక్కకూడదు, మిద్దె మీది నీళ్ళను తొట్టిలోకి పట్టకూడదు, బర్రెలను మేతకు వదలకూడదు. అయోడిన్-131 గడ్డి నుంచి పాలల్లోకి రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది, పిల్లల గొంతులోని థైరాయిడ్ గ్రంథిలో చేరుతుంది. వరిగడ్డి వామి పైపొరను పక్కన పడేసి లోపలి గడ్డి వేస్తే ఈ దారి చాలా వరకు తెగిపోతుంది.

జడ వాయువులను మాత్రం వాన ఏమీ చేయలేదు. క్సెనాన్-133, క్రిప్టాన్-85 నీటికీ ఆకుకూ అంటుకోవు. క్సెనాన్ ఐదు రోజులకు సగమై కొన్ని వారాల్లో మాయమవుతుంది; క్రిప్టాన్ సగం కావడానికి పది సంవత్సరాలకు పైగా పట్టి, ఈలోగా భూగోళమంతా కలిసిపోతుంది.

పైపొరలోకి చేరినది

వాన పడే పొరకు పైన స్ట్రాటోస్ఫియర్ ఉంది. ఉష్ణమండలంలో అది పదహారు పదిహేడు కిలోమీటర్ల పైన మొదలవుతుంది, ధ్రువాల వైపు ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లకే మొదలవుతుంది. అక్కడ మబ్బు, వాన ఉండవు కాబట్టి, చేరిన ధూళి నెలల నుంచి ఒకటి రెండు ఏళ్ళ వరకు నిలిచిపోతుంది. భూమధ్యరేఖ ప్రాంతంలో ఆ గాలి నెమ్మదిగా పైకి లేచి ధ్రువాల వైపు సాగి అక్కడ దిగుతుంది. అందుకే 1950, 60లలో పెద్ద బాంబు పరీక్షల్లో పుట్టిన స్ట్రాన్షియం అనే రేడియోధార్మిక మూలకం ఉత్తరార్ధగోళంలో 40 నుంచి 50 డిగ్రీల అక్షాంశాల మధ్య, అందులోనూ వసంతకాలంలో ఎక్కువగా దిగింది. 15 డిగ్రీల దగ్గర ఉన్న మనకు తక్కువ వచ్చింది. వాతావరణంలో పరీక్షలను నిషేధించే ఒప్పందం 1963లో కుదిరింది. కాస్మిక్ కిరణాల వల్ల పైపొరల్లో సహజంగా పుట్టే బెరీలియం-7ను వాన నీటిలో కొలిచి, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో దేవేంద్ర లాల్, ఆయన సహచరులు 1950లలోనే ఈ గాలుల రాకపోకలను పరిశీలించారు.

కాలం లెక్క

బాంబు ధూళికి ఒక తేలిక సూత్రం ఉంది. పేలుడు తర్వాత గడిచిన సమయం ఏడు రెట్లయినప్పుడు రేడియేషన్ తీవ్రత పదో వంతుకు పడిపోతుంది. మొదటి గంట చివర ఉన్నదాన్ని వందగా తీసుకుంటే ఏడు గంటలకు పది, రెండు రోజులకు ఒకటి, రెండు వారాలకు అందులోనూ పదో వంతు. దారి గీసినప్పుడు వచ్చిన గంటలు ఇక్కడ పనికొస్తాయి. మూడు గంటలకు దిగిన ధూళి ఆరు గంటలకు దిగిన ధూళి కన్నా ప్రమాదకరం. మొదటి రెండు రోజులు లోపలి గదిలో గడిపితే ప్రమాదంలో పెద్ద భాగం తప్పుతుంది.

ఈ సూత్రాన్ని రియాక్టరు ప్రమాదానికి కూడా వర్తింపజేసి ధైర్యం చెప్పే సందేశాలు చాలా కనిపిస్తాయి, వాటిని నమ్మవద్దు. రియాక్టరులో ఏళ్ళ తరబడి పోగైన పదార్థంలో తొందరగా క్షీణించేవి ముందే పోయి ఉంటాయి. అక్కడ మూలకం వారీగా చూడాలి. అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది, ఎనభై రోజులకు వెయ్యో వంతు మిగులుతుంది. సీజియం-134 రెండేళ్ళకు, సీజియం-137 ముప్పై ఏళ్ళకు సగమవుతాయి. నేలకు దిగిన సీజియం బంకమట్టిని గట్టిగా పట్టుకుని పై కొన్ని సెంటీమీటర్లలోనే ఉంటుంది. అందువల్ల వాన ముగిసినా పని ముగియదు. వేసవి వడగాలులకు ఎండిన పొలాల దుమ్ము లేచినప్పుడు కొంత మళ్ళీ గాలిలోకి వస్తుంది. తడిసిన నేల, పచ్చిక ఉన్న నేల దానిని పట్టి ఉంచుతాయి.

రేడియేషన్ మీటరు కొనుక్కున్నవారికి ఒక మాట. ముందు ఏ ప్రమాదమూ లేని రోజుల్లో ఇంట్లో, మిద్దె మీద, వీధిలో కొలిచి రాసి పెట్టుకోండి. చాలా చోట్ల గంటకు 0.1 మైక్రోసీవర్ట్ అటూ ఇటూగా ఉంటుంది. నల్ల ఇసుక ఉన్న తీరంలో మోనజైట్ అనే రేడియోధార్మిక ఖనిజం వల్ల సహజంగానే ఎక్కువ చూపవచ్చు. వాన మొదలైన కాసేపటికి మీటరు పెరిగితే వెంటనే భయపడకండి, ఎందుకంటే నేల నుంచి వచ్చే రేడాన్ వాయువు క్షీణించి పుట్టే రేణువులను కూడా వాన కిందికి తెస్తుంది. అవి అరగంటకోసారి సగమవుతుంటాయి. వాన ఆగాక మూడు గంటలు ఆగి అదే చోట, అదే ఎత్తులో మళ్ళీ కొలవండి. అంకె పాత స్థాయికి వచ్చేస్తే అది రేడాన్. రాకుండా నిలబడి ఉంటే ఆ అంకెనూ, వేళనూ, చోటునూ రాసుకుని జిల్లా విపత్తు నిర్వహణ అధికారులకు తెలియజేయండి.